ఖూంటాఘాట్ ఒడ్డున ఒక పగటి నడక

నవరాత్రుల్లో సప్తమి రాత్రి బిలాస్‌పూర్ సరిగా నిద్రపోదు. పొద్దు గుంకిన దగ్గర్నుంచీ జనం గుంపులు గుంపులుగా రతన్‌పూర్ దారి పడతారు. అక్కడి మహామాయ అమ్మవారి గుడికి ఊరి నుంచి సుమారు 25 కిలోమీటర్లు. చెప్పుల్లేకుండా నడిచేవాళ్ళు, పిల్లల్ని భుజాలకెత్తుకున్నవాళ్ళు, దారిపొడవునా మంచినీళ్ళు, టీలు పంచేవాళ్ళు, ఆ రాత్రంతా అదొక తిరునాళ్ళు. అలాంటి ఊళ్ళో ఎవరితోనైనా “ఖూంటాఘాట్ జలాశయం ఒడ్డున 12 కిలోమీటర్లు నడుద్దాం, ముందు కూర్చుని ఒక ప్లాను వేసుకుందాం” అంటే నవ్వేస్తారు. పాతికే నడిచొచ్చాం, పన్నెండుకి ప్లానేమిటండీ అంటారు.

అడగాల్సిన ప్రశ్నే. రోడ్డు మీద పాతిక నడిచినవాడు దారి గురించి ఒక్కసారి కూడా ఆలోచించక్కర్లేదు. ఎక్కడ అలిసిపోతే అక్కడ కూర్చోవచ్చు, కాలు బెణికితే ఆటో ఎక్కవచ్చు. జలాశయం ఒడ్డున దారి ఉండదు, ఆటో రాదు. అంతకంటే ముఖ్యంగా, ఆ ఒడ్డు ఒకచోట నిలకడగా ఉండదు. అక్టోబరులో ఉన్న ఒడ్డు ఫిబ్రవరిలో ఉండదు. అందుకే ఇలాంటి నడకను కిలోమీటర్లతో కాకుండా గంటలతో లెక్క వేసుకోవాలి.

ముందు చోటు సంగతి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1887లో ఏర్పడ్డాక బిలాస్‌పూర్ వైపు పట్టాలు పడ్డాయి. ఆ కంపెనీ రోజుల నుంచీ ఉత్తరాంధ్ర కుటుంబాలు పనికోసం వచ్చి ఇక్కడ స్థిరపడుతూ వచ్చాయి. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకి ఇదే ప్రధాన కేంద్రం. బుధవారీ బజారులో కూరలు కొంటూ తెలుగు వినని రోజు ఉండదు. ఇన్ని తరాలుగా ఉంటున్నా, సెలవు దొరికితే మనవాళ్ళ చూపు సొంతూరి రైలు మీదికే పోతుంది. ఊరికి 35 కిలోమీటర్ల లోపే కొండల మధ్య ఇంత నీరుందని తెలిసినవాళ్ళు కూడా వానాకాలంలో ఒకసారి కట్ట మీద నిలబడి ఫొటో దిగి వచ్చేస్తారు.

ఊరు సముద్రమట్టానికి సుమారు 260 మీటర్ల ఎత్తులో, వరి మైదానం అంచున ఉంది. ఉత్తరంగా వెళ్తే నేల లేస్తుంది. మైకల్ కొండలు, వాటి చివర నర్మద పుట్టిన అమరకంటక్ ఆ దిక్కునే. కలచూరి రాజులు రాజధాని చేసుకున్న రతన్‌పూర్ ఈ మైదానమూ కొండలూ కలిసేచోట ఉంది. అది దాటి పాలీ రోడ్డున మరికొంత దూరం పోతే ఖారంగ్ నదికి అడ్డంగా కట్టిన ఖూంటాఘాట్ ఆనకట్ట వస్తుంది. బ్రిటిషు కాలంలో పొలాల సాగునీటికోసం కట్టారు. బిలాస్‌పూర్ నగరానికి తాగునీరు తేవడానికి అమృత్ పథకం కింద ఎంచుకున్నదీ ఈ జలాశయాన్నే. మంచుకొండల నడుమ అద్దంలాంటి సరస్సు కావాలంటే మాత్రం కాశ్మీరుకే టికెట్టు తీసుకోవాలి. ఇక్కడివి పొట్టి కొండలు, సాల వృక్షాల అడవి, మధ్యలో కొండల సందుల్లోకి చొరబడిన నీరు. మధ్యరకం నడకకు ఇంతకంటే అక్కర్లేదు.

ఆ చొరబడిన నీరు అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. మన ఊళ్ళలో చెరువు గట్టు చుట్టూ తిరిగినట్టు దీని చుట్టూ తిరిగొద్దామనుకునేవారికి మొదటి దెబ్బ ఇక్కడే తగులుతుంది. మైదానంలో చెరువు పళ్ళెంలా గుండ్రంగా పరుచుకుంటుంది. నది లోయకు అడ్డుకట్ట వేస్తే నీరు అలా పరుచుకోదు. నదిలో కలిసే ప్రతి వాగు నోట్లోకీ ఎగబాకుతుంది. రెండు వాగుల మధ్య ఉన్న ప్రతి గుట్టా నీళ్ళలోకి పొడుచుకొచ్చిన మూతిలా మిగులుతుంది. పైనుంచి చూస్తే ఒడ్డు గీత ఒక పాయలోకి వెళ్ళి, బయటికొచ్చి, మళ్ళీ ఇంకో పాయలోకి దూరుతూ పోతుంది. పాయ మూతి దగ్గర నిలబడితే అవతలి ఒడ్డున మేస్తున్న గేదెల కొమ్ములు కూడా కనిపిస్తాయి, 300 మీటర్లు ఉంటుందేమో. కాలినడకన అక్కడికి చేరాలంటే పాయ చివరిదాకా లోపలికి పోయి, వాగు దాటి, తిరిగి అంత దూరమూ బయటికి రావాలి. రెండు మూడు కిలోమీటర్లు అక్కడే కరిగిపోతాయి.

ఒడ్డు పొడవు ఎంత అన్న ప్రశ్నకు అసలు ఒక్క జవాబు ఉండదు. బ్రిటన్ శాస్త్రవేత్త లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ దేశాల సరిహద్దుల లెక్కలు చూస్తుంటే విచిత్రం ఒకటి కనబడింది. స్పెయిన్, పోర్చుగల్ మధ్య సరిహద్దు ఒక లెక్కలో 987 కిలోమీటర్లు, ఇంకో లెక్కలో 1,214. ఎవరూ అబద్ధం చెప్పలేదు. పెద్ద కొలబద్దతో కొలిస్తే వంపులు దాటిపోతాయి, చిన్నదానితో కొలిస్తే ప్రతి వంపూ లెక్కలోకొస్తుంది. ఇదే మాట పట్టుకుని బెన్వా మాండెల్‌బ్రాట్ 1967లో బ్రిటన్ తీరం ఎంత పొడవు అని అడుగుతూ ఒక వ్యాసం రాశాడు. మనకు దీనితో పనేమిటంటే, ఫోన్‌లో మ్యాపు మీద వేలితో నాలుగు గీతలు గీసి “ఆరు కిలోమీటర్లే” అనుకున్న ఒడ్డు కాళ్ళ కింద ఎనిమిదో తొమ్మిదో అవుతుంది. నడిచేవాడి కొలబద్ద తన అడుగే, అది చాలా చిన్నది.

ఇంకో సంగతి. నిశ్చలంగా ఉన్న నీటి అంచు అంతా ఒకే ఎత్తులో ఉంటుంది కదా. నీటి అంచునే పట్టుకుని పోతే ఎక్కడం దిగడం దాదాపు ఉండదు, దూరం మాత్రం పెరుగుతుంది. గుట్ట మెడ మీదుగా అడ్డంగా దాటితే దూరం తగ్గుతుంది, ఎక్కాల్సి వస్తుంది, అడవిలోకి పోవాల్సి వస్తుంది. పోయిన దగ్గరల్లా ఎదురయ్యే ప్రశ్న ఇదే: చుట్టూనా, అడ్డంగానా? కొత్తవాళ్ళకు నా సలహా, నీరు కంటికి కనిపించేంతవరకే అడ్డదారి. పశువుల బాట ఉంటే దాన్ని పట్టుకోండి. గేదెలు ఎప్పుడూ తెలివైన వాలునే ఎంచుకుంటాయి.

అంచేత జలాశయాన్ని పూర్తిగా చుట్టి రావాలన్న పంతం మొదటిసారికి వద్దు. కట్ట దగ్గర మొదలుపెట్టి, ఒక వైపు ఒడ్డు వెంట పోయి, అదే దారిన వెనక్కి రావడం మేలు. చూసిన దారే మళ్ళీ చూడాలా అని విసుక్కునేవాళ్ళుంటారు. పొద్దున వీపు మీద పడ్డ వెలుగు మధ్యాహ్నానికి తిరగబడుతుంది, పోయేటప్పుడు కనిపించనివి వచ్చేటప్పుడు కనిపిస్తాయి. పైగా తిరుగుదారిలో ఏముందో మీకు ముందే తెలుసు. చుట్టు తిరిగే నడకలో చివరి రెండు కిలోమీటర్లే తెలియనివి, అప్పటికి కాళ్ళలో సత్తువ ఉండదు.

ఇక ఋతువు. ఈ నడకకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మిగతా నెలలు ఎందుకు కావో చెప్పాలి. జూన్ మధ్యలో వానలు మొదలై సెప్టెంబరుకల్లా జలాశయం నిండుతుంది, మంచి ఏడాదైతే వేస్ట్ వియర్, అంటే పొర్లుకట్ట, మీదుగా పొర్లుతుంది. అప్పుడే జనం వెల్లువెత్తుతారు. అప్పుడే ప్రమాదమూను. 2020 ఆగస్టులో ఒకాయన ఆ పొర్లే నీళ్ళలోకి దిగి కొట్టుకుపోయాడు. నీటి మధ్యలో ఒక చెట్టు పట్టుకుని రాత్రంతా గడిపాడు. ప్రవాహం ఉధృతికి ఎవరూ దగ్గరికి పోలేకపోతే, మర్నాడు పొద్దున వైమానిక దళం ఎంఐ-17 హెలికాప్టర్ తెచ్చి ఆయన్ని పైకి లాగింది. దేశమంతా టీవీల్లో చూసింది. ప్రాణం దక్కింది కాబట్టి అది వార్త అయింది. వానాకాలంలో ఒడ్డు నడక ఎందుకు వద్దో దానికంటే వివరంగా చెప్పలేను. పొర్లుకట్ట దగ్గర ఏ కాలంలోనైనా నీళ్ళలోకి దిగకండి.

మార్చి, ఏప్రిల్ అందంగా ఉంటాయి, ఇప్పపూలు రాలే రోజులు. కానీ పొద్దు పొడవకముందే ఆ పూలు ఏరుకోవడానికి ఊళ్ళవాళ్ళు ఎంత ఆత్రంగా వస్తారో ఎలుగుబంట్లూ అంతే ఆత్రంగా వస్తాయి. ఉత్తర ఛత్తీస్‌గఢ్‌లో ఎలుగు దాడులు ఎక్కువగా వినిపించే కాలాల్లో ఇదొకటి. మే సంగతి సరేసరి, బిలాస్‌పూర్ ఎండ 45 డిగ్రీలు తాకే ఊరు.

చలికాలంలో నీటిమట్టం మెల్లమెల్లగా దిగుతుంది. పొలాలకు వదలాలి, నగరానికి ఇవ్వాలి, ఎండకు ఆవిరవ్వాలి. దిగిన కొద్దీ నీటికీ అడవికీ మధ్య ఒక వెడల్పాటి ఖాళీ నేల బయటపడుతుంది. మనం నడిచేది ఈ నేల మీదే. మ్యాపులో నీలం రంగున్న చోట మీరు షూ వేసుకుని నడుస్తుంటారు. మ్యాపు తప్పు కాదది, ఆ నీలం ఏ నెల నీటిమట్టాన్ని చూసి వేశారో అక్కడ రాసి ఉండదు, అంతే.

దీనికి ఇప్పుడు సులువైన మందుంది. యూరప్ వాళ్ళ సెంటినెల్-2 ఉపగ్రహాలు అయిదు రోజులకోసారి ఈ చోటు ఫొటో తీస్తాయి. మబ్బు లేకపోతే 10 మీటర్ల వివరం కనబడుతుంది. కోపర్నికస్ బ్రౌజర్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. బయల్దేరే వారం ముందు తీసిన బొమ్మ ఒకటి చూస్తే ఏ పాయలో నీరెంత లోపలికుందో తెలిసిపోతుంది. భారత సర్వే సంస్థ 1:50,000 మ్యాపులు కూడా 2017 నుంచి నక్షే పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. అందులో 2 సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. గుట్టల ఎత్తుకు సర్వే మ్యాపు, నీటి అంచుకు ఉపగ్రహం బొమ్మ. రెండూ పక్కపక్కన పెట్టుకుని, ఒక దారప్పోగు ఒడ్డు వంపుల వెంట పరిచి, దాన్ని స్కేలు మీద కొలవండి. వచ్చినదానికి మూడో వంతు కలపండి. అదే మీ దూరం. పిల్లలకిస్తే వాళ్ళే చేసేస్తారు, భూగోళం పాఠం కూడా అయిపోతుంది.

దూరం వచ్చాక గంటలు. స్కాట్‌లాండ్ కొండలెక్కిన విలియం నైస్మిత్ 1892లో ఒక సూత్రం చెప్పాడు. గంటకు మూడు మైళ్ళు, అంటే సుమారు 5 కిలోమీటర్లు, ఆపైన ఎక్కే ప్రతి 600 మీటర్లకూ ఇంకో గంట. మన నడకకు వేసి చూద్దాం. రానూపోనూ 12 కిలోమీటర్లకు 2 గంటల 24 నిమిషాలు. గుట్టల మెడలు దాటడంలో మొత్తం 180 మీటర్లు ఎక్కుతామనుకుంటే 18 నిమిషాలు. వెరసి 2 గంటల 42 నిమిషాలు. ఇది గట్టి బాట మీద, గట్టి మనిషి లెక్క. బురద, రాళ్ళు, తుప్పలు ఉన్న ఒడ్డుకు దీన్ని ఒకటిన్నర రెట్లు చేయాలి, అంటే 4 గంటలు దాటుతుంది. కూర్చోవడానికి, తినడానికి, పక్షుల్ని చూడడానికి ఒక గంట. అయిదు గంటల పని. రైల్వే టైంటేబుల్లో చివరి స్టేషన్‌కి ముందు కాస్త అదనపు సమయం కలిపి ఉంచుతారు కదా, దారిలో ఎక్కడ ఆలస్యమైనా అక్కడ సర్దుకోవడానికి. మనకూ అలాంటిది రెండు గంటలైనా చేతిలో ఉండాలి. దాన్ని ముందే వాడేసుకోకూడదు.

పగటి వెలుగు విషయంలో బిలాస్‌పూర్‌వాళ్ళు అదృష్టవంతులు. మన దేశపు గడియారాలన్నీ 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం నడుస్తాయి, కాకినాడకు దగ్గరగా పోయే గీత అదే. బిలాస్‌పూర్ దానికి కాస్త పడమరగా ఆనుకునే ఉంది. అందుకని ఇక్కడ గడియారంలో పన్నెండంటే దాదాపు నిజమైన నడినెత్తి పొద్దే. డిసెంబరు చివర్లో సూర్యోదయం 6.35 ప్రాంతం, అస్తమయం 5.20 దాటాక. జనవరి నడుమకొచ్చేసరికి పొద్దు 5.40 దాకా ఉంటుంది. కొండల చాటున ఇంకా ముందే చీకటి పడుతుంది. ఏడున్నరకు కట్ట దగ్గర నడక మొదలుపెట్టారనుకోండి. ఎంత దూరం పోయారన్నదానితో నిమిత్తం లేకుండా 10.45కి వెనక్కి తిరగాలి. అనుకున్న మలుపు ఇంకో పది నిమిషాల్లో ఉందని ఎవరో ఒకరు అంటారు, తప్పకుండా అంటారు. తిరగాల్సిందే. అక్కడే కూర్చుని తినేసి 11.15కి లేస్తే రెండు, రెండున్నర మధ్య కట్ట దగ్గరుంటారు. ఇంకా మూడు గంటల వెలుగు మిగిలే ఉంటుంది, కాలు బెణికినా దారి తప్పినా అదే ఆదుకుంటుంది.

కాలి కింద నేల గురించి ఛత్తీస్‌గఢ్ రైతు దగ్గర మంచి విద్య ఉంది. ఆయన నేలను పైనుంచి కిందికి నాలుగు పేర్లతో పిలుస్తాడు. మిట్ట మీద ఎర్రటి గులకరాళ్ళ మొరం నేల భాటా. దాని కింద పసుపుపచ్చటి తేలిక నేల మటాసీ. ఆ కింద డోర్సా. అన్నిటికంటే పల్లంలో, నీరు నిలిచేచోట నల్లటి జిగట బంకమట్టి కన్హార్. గుట్ట మీంచి నీటివైపు దిగుతుంటే మీరు ఇంచుమించు ఇదే వరసలో నడుస్తారు. భాటా మీద అడుగు నిలుస్తుంది, వాలులో మాత్రం గులకరాళ్ళు జారతాయి. కన్హార్ ఎండితే బీటలు వారుతుంది, తడిస్తే షూని పట్టుకుని వదలదు. ఈ రెంటి మధ్యస్థితే అసలు ప్రమాదం. పైన పెచ్చు ఎండి బీటలు కట్టి గట్టి నేలలా కనబడుతుంది, కింద ఇంకా జావ. నీరు ఇటీవలే దిగిన పాయ చివర్లలో ఇలా ఉంటుంది. చేతిలో కర్ర ఉండాలి, ముందు కర్ర దిగాలి, తర్వాతే కాలు. పశువుల డెక్కల గుర్తులు లోతుగా దిగి ఉంటే చుట్టు తిరిగి పోవాలి. పాయ చివర వాగు దాటేటప్పుడు నీటి అంచున కాకుండా ఎగువకు పోయి రాళ్ళున్నచోట దాటడం మేలు, ఓ పావుగంట ఎక్కువైనా సరే.

నీళ్ళలోకి దిగడం గురించి ఒక్క మాటే. ఒద్దు. జలాశయం నిండినప్పుడు మునిగిపోయిన చెట్ల మొదళ్ళు అడుగున అలాగే ఉన్నాయి, నీరు తగ్గిన నెలల్లో కొన్ని తలలెత్తి కనబడతాయి కూడా. ఈ ప్రాంతపు నీళ్ళలో మొసళ్ళు కొత్తేమీ కావు. పొరుగున జాంజ్‌గీర్-చాంపా జిల్లాలో కోట్మీ సోనార్ దగ్గర ఊరి చెరువులో మొసళ్ళు చేరితే, వాటికోసం ఏకంగా ఒక పార్కే పెట్టారు. రాయగఢ్ వైపు పోయే రైల్లోంచి ఆ స్టేషన్ బోర్డు చాలామంది చూసే ఉంటారు. ఖూంటాఘాట్ ఒడ్డున కూడా మొసలి ఉందనుకునే నడవండి. నీటి అంచుకు అయిదారు మీటర్లు ఎడంగా ఉంటే పోయేదేమీ లేదు, పక్షులు కూడా బెదరవు.

పాములు చలికాలంలో తక్కువ తిరుగుతాయి, కానీ ఎండ కాచుకోవడానికి బండల మీదికి వస్తాయి. చెయ్యి పెట్టేచోట చూపు ముందు పడాలి. రక్తపింజరి కాటైనా, నాగుపాము కాటైనా చేయాల్సింది ఒకటే. కోయడం, పీల్చడం, బిగించి తాడు కట్టడం ఏదీ చేయకూడదు. కాటుపడ్డ చెయ్యో కాలో కదలకుండా కర్రతో కలిపి వదులుగా కట్టి, మనిషిని వీలైనంత నడిపించకుండా ఆసుపత్రికి చేర్చాలి. 108కి ఫోను చేయాలి. రతన్‌పూర్‌లో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం ఉంది, బిలాస్‌పూర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి సిమ్స్ ఉంది. కట్ట దగ్గర్నుంచి సిమ్స్‌కి రోడ్డున గంట పట్టవచ్చు. మీరు ఒడ్డు వెంట రెండు గంటలు లోపలికి పోయి ఉంటే ఆ రెండు గంటలు కూడా కలపాలి. ఎంత దూరం పోవాలో నిర్ణయించుకునేటప్పుడు ఈ లెక్క కూడా మనసులో ఉండాలి.

ఏనుగుల మాట అందరూ అడుగుతారు. పక్కనున్న కట్ఘోరా అడవుల్లో గుంపులున్నాయి, అవి ఒకచోట ఉండవు. రతన్‌పూర్‌లో అటవీశాఖ రేంజ్ ఆఫీసులో రెండు ప్రశ్నలు అడగండి: ఈ వారం ఏనుగుల కదలిక ఉందా? ఏ వైపు ఒడ్డున నడవడానికి అభ్యంతరం లేదు? రిజర్వు అడవిలోకి అడుగుపెట్టాలంటే వాళ్ళ అనుమతి ఎలాగూ కావాలి. ఎటూ తేల్చుకోలేనివాళ్ళు అచానక్‌మార్ పోదామంటారు. అది 2009 నుంచి పులుల అభయారణ్యం, అక్కడ సొంతంగా కాలినడకన తిరగడం కుదరదు.

ఇవన్నీ చదివి బెదిరినవాళ్ళకు దగ్గర్లోనే ఇంకో చోటుంది. నగరానికి దగ్గరున్న కోప్రా జలాశయం, 2025 డిసెంబరులో ఛత్తీస్‌గఢ్‌లో మొట్టమొదటి రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. మైదానం మధ్య ఉన్న నీరు, కొండలు లేవు, పాయల గొడవ తక్కువ. చలికాలంలో పక్షులకోసమే పోవచ్చు. ముసలివాళ్ళతో, చిన్నపిల్లలతో ముందు అక్కడ మూడు గంటలు నడిచి చూడండి. ఎవరి షూ కరుస్తుందో, ఎవరు గంటకోసారి కూర్చుంటారో అక్కడే తేలిపోతుంది. ఖూంటాఘాట్‌కు ఆ గుంపులో నెమ్మదైన మనిషి వేగమే మీ అందరి వేగం.

మోయాల్సింది ఎక్కువేమీ లేదు. గంటకు అర లీటరు చొప్పున మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, రెండు ఓఆర్ఎస్ పొట్లాలు, టోపీ, టార్చి, దూది, కట్టుగుడ్డ. జలాశయం నీళ్ళు చూడ్డానికి తేటగా ఉన్నా పచ్చివి తాగొద్దు. తిండికి పులిహోర కంటే మంచిది నాకు కనబడలేదు, చింతపండు పులుపుకి మధ్యాహ్నం దాకా చెడదు, చేత్తో తినేయవచ్చు. ఛత్తీస్‌గఢ్ బోరే బాసీ మన చద్దన్నానికి తోబుట్టువే కానీ అది పొద్దున్నే ఇంట్లో తిని బయల్దేరాల్సింది, మూటకట్టేది కాదు. తెల్లవారుజామున చలి 10 డిగ్రీలకు దిగవచ్చు, మధ్యాహ్నానికి 27 అవుతుంది. ఒక్క మందపాటి స్వెట్టరు కంటే ఒకదాని మీద ఒకటి రెండు పల్చటి చొక్కాలు నయం. ఆనకట్ట కట్టడాలకూ పెద్ద చెట్లకూ కొండ తేనెటీగల పట్టులు వేలాడుతుంటాయి, వాటి దగ్గర్లో సిగరెట్టు కాదుగదా అగరొత్తి కూడా వెలిగించొద్దు. ప్లాస్టిక్ అంతా సంచిలో వెనక్కి రావాలి. అది మన కుళాయిలోకి వచ్చే నీరు.

నా లెక్కలో ఈ రోజంతటిలో పెద్ద ప్రమాదం మొసలీ కాదు, ఎలుగూ కాదు. రోడ్డు. ఇంత పెద్ద రైల్వే ఊరి నుంచి రతన్‌పూర్‌కి రైల్లేదు, కోర్బా వైపు బొగ్గు లారీలు తిరిగే రోడ్డు మీదే పోవాలి. చీకటితో బండి మీద బయల్దేరడం, అలిసిపోయి సాయంత్రం లారీల మధ్య తిరిగి రావడం, ఈ రెండూ ఒడ్డు మీది బురదకంటే చెడ్డవి. రైళ్ళు నడిపే రన్నింగ్ స్టాఫ్‌కి ప్రత్యేకంగా చెప్పాలి: నైట్ డ్యూటీ దిగి, ఒక స్నానం చేసి, నిద్రలేకుండా నేరుగా బయల్దేరే అలవాటు కొందరికుంది. ఆ రోజు వద్దు. రెస్ట్ రోజు ముందు రాత్రి నిండుగా పడుకున్నవాళ్ళే బండి నడపాలి. వీలైతే నలుగురూ కలిసి ఒక కారు మాట్లాడుకోండి, లేదా కట్ఘోరా, అంబికాపూర్ వైపు పోయే బస్సులో రతన్‌పూర్ దాకా పోయి అక్కడ ఆటో మాట్లాడుకోండి. ఆటోవాడితో తిరుగు సమయం కూడా ముందే చెప్పుకోవాలి.

చివరగా ఇంట్లో పెట్టాల్సిన కాగితం. ఫోను సిగ్నల్ కట్ట దగ్గర ఉన్నంత బాగా పాయల లోపల ఉంటుందని నమ్మొద్దు. అందుకని బయల్దేరే ముందు ఒక తెల్లకాగితం మీద ఇవి రాయండి: ఎవరెవరు వెళ్తున్నారు, బండి నంబరు, కట్టకు ఏ వైపు ఒడ్డున నడుస్తున్నారు, ఎన్నింటికి వెనక్కి తిరుగుతారు, కట్ట దగ్గరికి వచ్చి ఎన్నింటికి ఫోను చేస్తారు. దాని కింద ఇంకో గంట రాయండి, మూడున్నర అనుకుందాం, ఆ గంటకు మీ నుంచి ఫోను రాకపోతే ఇంట్లోవాళ్ళు 112కి చేయాలి. మొహమాటపడి అయిదింటి దాకా ఆగొద్దని వాళ్ళకు గట్టిగా చెప్పండి, అప్పటికి వెతికేవాళ్ళకు వెలుగుండదు. ఆ కాగితం ఫ్రిజ్ తలుపుకో, దేవుడి క్యాలెండరుకో తగిలించి వెళ్ళండి. మధ్యలో దారి మార్చుకోవాలనిపిస్తే, సిగ్నల్ ఉన్నచోట ఆగి, ఇంట్లో చెప్పి, ఆ కాగితం మీద వాళ్ళు దిద్దాకే కదలండి.